బీఎస్సీ బయోకెమిస్ట్రీ: లౌరీ గ్రాఫ్ వంగిపోతోంది, ఏటీపీ 38 రాయాలా 32 రాయాలా?

#1 కొల్లేటి_కొంగ
అందరికీ నమస్కారం. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ కాంబినేషన్‌లో మూడో సెమిస్టర్. మూడు సందేహాలున్నాయి.

మొదటిది ప్రాక్టికల్. గుడ్డు తెల్లసొనలో ప్రోటీన్ ఎంతుందో లౌరీ పద్ధతిలో (ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే నీలిరంగు అంత ముదురుగా వచ్చే పద్ధతి) చూడాలి. స్టాండర్డ్ బీఎస్ఏ (బొవైన్ సీరమ్ ఆల్బుమిన్, పోల్చడానికి వాడే ప్రోటీన్), మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. 660 నానోమీటర్ల ఫిల్టర్‌లో రీడింగులు ఇవి: 40 మైక్రోగ్రాములకు 0.14, 80కి 0.27, 120కి 0.36, 160కి 0.41, 200కి 0.44. తెల్లసొనను 50 రెట్లు పలచన చేసి 0.5 మి.లీ. తీసుకుంటే 0.92 వచ్చింది. గీతను పైకి పొడిగించి 420 మైక్రోగ్రాములు అని రాశాను. లెక్క కడితే 100 మి.లీ.కి 4.2 గ్రాములు. పుస్తకంలో 10, 11 అని ఉంది. తప్పు ఎక్కడ?

రెండోది, ఒక గ్లూకోజ్ అణువుకి వచ్చే ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) 38 అని ఒక నోట్సులో, 32 అని ఇంకోదాంట్లో, 30 అని మరోచోట ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

మూడోది, మెటబాలిజం అంతా బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి పోతోంది. ఎలా చదవాలి?

#2 క్యువెట్
ముందు మొదటిది. తప్పు ఒకటి కాదు, రెండున్నాయి. పెద్దది పలచన దగ్గర.

తెల్లసొనలో ప్రోటీన్ సుమారు 10 శాతం, అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. 50 రెట్లు పలచన చేస్తే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు. అందులో అర మిల్లీలీటరు అంటే మీ ట్యూబులో 1000 మైక్రోగ్రాములు పడ్డాయి. మీ గ్రాఫ్ 200 దగ్గరే ఆగిపోయింది. గ్రాఫ్ అక్కడికే వంగిపోతుంటే 1000 దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో మీ దగ్గర ఒక్క చుక్క ఆధారం కూడా లేదు. గీతను పొడిగించడం అంటే ఊహించి రాయడమే. అన్‌నోన్ (గాఢత తెలియని నమూనా) రీడింగ్ ఎప్పుడూ స్టాండర్డుల మధ్యలో పడాలి. పై స్టాండర్డు దాటితే ఆ రీడింగ్‌ను పక్కన పెట్టి, ఇంకా పలచన చేసి మళ్లీ చేయాల్సిందే.

కావలసింది 1000 రెట్లు. అప్పుడు మిల్లీలీటరుకు దగ్గర దగ్గర 100 మైక్రోగ్రాములు, అర మిల్లీలీటరులో 50. గ్రాఫ్ నడిమధ్యలో కూర్చుంటుంది.

ల్యాబులోకి వెళ్లకముందే "ఇందులో ఎంత ఉండొచ్చు" అని కాగితం మీద రెండు వరుసల లెక్క వేసుకోండి. డిగ్రీ మూడేళ్లలో ఎక్కువ ప్రాక్టికల్స్ చెడేది ఈ రెండు వరుసలు రాయనందుకే.

#3 తెల్లకోటు
క్యువెట్ గారు చెప్పింది అన్‌నోన్ సంగతి. స్టాండర్డులే వంగాయి కదా, దాని సంగతి నేను చెప్తాను.

లౌరీ గ్రాఫ్ స్వభావరీత్యానే కొంచెం వంగుతుంది. 100 మైక్రోగ్రాముల దాకా సరళరేఖ అనుకోవచ్చు, ఆపైన కాదు. అయినా 160కి 0.41, 200కి 0.44 అంటే మరీ ఎక్కువ వంపు. ఫోలిన్ రియేజెంటు పోసిన తీరు చూసుకోండి. అన్ని ట్యూబుల్లోనూ వరసగా పోసేసి, తర్వాత ఒక్కొక్కటే కలిపారా? అలా చేస్తే ఇలాగే వస్తుంది.

ఎందుకంటే, ఫోలిన్ రియేజెంటు ఆమ్లంలోనే నిలకడగా ఉంటుంది. మన ట్యూబులో ఉన్నది 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో చేసిన క్షార ద్రావణం. అందులో పడ్డ క్షణం నుంచి రియేజెంటు చచ్చిపోతూ ఉంటుంది. అది బతికి ఉన్న కాసేపట్లోనే ప్రోటీన్-రాగి సంక్లిష్టాన్ని కలుసుకోవాలి. పోసి వదిలేస్తే అది పైపొరలోనే ఉండి చెడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఊపినా రంగు పెరగదు. చివర్లో కలిపిన ట్యూబులు, అంటే మామూలుగా 160, 200 ట్యూబులు, ఎక్కువ నష్టపోతాయి.

చేయాల్సిన తీరు: ఒక ట్యూబులో 0.5 మి.లీ. పోయండి, అదే చేత్తో వెంటనే వోర్టెక్స్ మీద పెట్టండి. వోర్టెక్స్ లేకపోతే అడుగు భాగాన్ని వేలితో గట్టిగా తట్టి సుడి తిరిగేలా చేయండి. 30 సెకన్లు ఆగి రెండో ట్యూబు. చివర్లో రీడింగులు కూడా అదే వరసలో, అదే 30 సెకన్ల తేడాతో తీయండి. అప్పుడు ప్రతి ట్యూబుకీ సరిగ్గా 30 నిమిషాలు దొరుకుతాయి.

#4 కొల్లేటి_కొంగ
అవునండీ, అన్నింట్లో పోసి తర్వాత స్టాండ్ మొత్తం పట్టుకుని ఊపాను. 1000 రెట్లు పలచన ఎలా చేయాలి? 0.1 మి.లీ. తెల్లసొన తీసి 100 మి.లీ. చేయొచ్చా? రియేజెంట్లు కూడా మళ్లీ కలుపుకోవాలి.

#5 ఉలవగింజ
0.1 మి.లీ. వద్దు. తెల్లసొన జిగురు. పిపెట్ గోడకి లోపలా బయటా అంటుకుని సగం అక్కడే ఉండిపోతుంది. రెండు మెట్లలో చేయండి.

తెల్లసొనను ముందు బీకరులో గాజుకడ్డీతో మెల్లగా తిప్పి తీగలు తెంచండి. నురగ రానివ్వకండి, నురగలో చేరిన ప్రోటీన్ గడ్డకడుతుంది. 1 మి.లీ. తీసుకుని, పిపెట్ కొనను బయటవైపు టిష్యూతో తుడిచి, 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులోకి వదలండి. అదే పిపెట్‌లోకి సెలైన్ రెండుసార్లు పీల్చి ఫ్లాస్కులోనే వదిలితే అంటుకున్నది కూడా దిగుతుంది. 100 మి.లీ. గీత దాకా 0.9 శాతం సెలైన్ పోయండి. ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోస్తే ద్రావణం మబ్బుగా అవుతుంది, ఎందుకంటే తెల్లసొనలో కొన్ని ప్రోటీన్లకి కరిగి ఉండాలంటే కాస్త ఉప్పు కావాలి. ఇది 100 రెట్లు. దీంట్లోంచి 1 మి.లీ. తీసి 10 మి.లీ. చేస్తే 1000 రెట్లు.

ఇక రియేజెంట్లు.

ఎ: సోడియం హైడ్రాక్సైడ్ 2 గ్రాములు, సోడియం కార్బొనేట్ 10 గ్రాములు కలిపి 500 మి.లీ.
బి: సోడియం పొటాషియం టార్ట్రేట్ 1 గ్రాము 100 మి.లీ. నీళ్లలో కరిగించి, అందులో కాపర్ సల్ఫేట్ 0.5 గ్రాము.
సి: ఎ 100 మి.లీ.కి బి 2 మి.లీ. ఇది ఆ పూటకే.
ఫోలిన్: సీసాలోది సమానంగా నీళ్లు కలిపి, వాడే ముందే.

టార్ట్రేట్ మరిచిపోతే రాగి క్షారంలో అవక్షేపమై కింద పడిపోతుంది. రాగిని పట్టి ద్రావణంలో ఉంచేదే టార్ట్రేట్. ఫోలిన్ సీసా రంగు చూడండి: పసుపు ఉండాలి. పచ్చదనం కనిపిస్తే అప్పటికే క్షయకరణం చెందింది, బ్లాంక్ కూడా నీలంగా వస్తుంది.

వర్కింగ్ స్టాండర్డు ఈసారి 100 మైక్రోగ్రాములది చేసుకోండి. 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మి.లీ.; అన్నీ నీళ్లతో 1 మి.లీ.కి తేవాలి. బ్లాంక్ 1 మి.లీ. నీళ్లు. అన్నింట్లో సి 5 మి.లీ., పది నిమిషాలు ఆగాలి, ఫోలిన్ 0.5 మి.లీ., చీకట్లో 30 నిమిషాలు. అన్‌నోన్ రెండు ట్యూబుల్లో పెట్టండి.

ఒక మాట. గ్రాఫ్ అడ్డం మీద ఉన్నది "ట్యూబులో మైక్రోగ్రాములు". చివరి ఘనపరిమాణం 6.5 మి.లీ. కదా అని దాంతో గుణించడం, భాగించడం చేయకండి. స్టాండర్డుకీ అదే 6.5 ఉంది, రెండూ కొట్టుకుపోతాయి. భాగించాల్సింది మీరు తీసుకున్న 0.5 మి.లీ.తో మాత్రమే.

#6 ఎన్ఏడీహెచ్
ఏటీపీ లెక్క నేను చెప్తా. మూడు అంకెలూ ఒకే దారి నుంచి వచ్చినవే. తేడా అంతా ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 ఒక్కోదానికి ఎన్ని ఏటీపీలు అన్న దగ్గరే ఉంది. పాత లెక్కలో ఎన్ఏడీహెచ్‌కి 3, ఎఫ్ఏడీహెచ్2కి 2. ఇప్పటి లెక్కలో 2.5, 1.5. ప్రోటాన్లను లెక్కబెడితే ఇలా వస్తుంది: ఒక ఎన్ఏడీహెచ్ వల్ల 10 ప్రోటాన్లు బయటికి పోతాయి, ఒక ఏటీపీ తయారై మైటోకాండ్రియా బయటికి చేరడానికి 4 ఖర్చవుతాయి. పదిని నాలుగుతో భాగిస్తే రెండున్నర. ఎఫ్ఏడీహెచ్2 ఎలక్ట్రాన్ గొలుసులోని ఒకటో కాంప్లెక్సును దాటేసి వస్తుంది కాబట్టి 6 మాత్రమే, భాగిస్తే ఒకటిన్నర.

కూడండి. గ్లైకాలసిస్‌లో నికరంగా 2 ఏటీపీ, 2 ఎన్ఏడీహెచ్. పైరువేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర 2 ఎన్ఏడీహెచ్. క్రెబ్స్ వలయం రెండు చుట్లలో 6 ఎన్ఏడీహెచ్, 2 ఎఫ్ఏడీహెచ్2, 2 జీటీపీ (ఏటీపీతో సమానం). పాత లెక్కలో 2+6+6+18+4+2 = 38. కొత్త లెక్కలో 2+5+5+15+3+2 = 32. గ్లైకాలసిస్ ఎన్ఏడీహెచ్ సైటోసోల్‌లో ఉంటుంది, తాను లోపలికి పోలేదు. దాని ఎలక్ట్రాన్లు మాలేట్-ఆస్పార్టేట్ షటిల్ మీద వెళ్తే 5 ఏటీపీలు, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ మీద వెళ్తే 3. అందుకే 32 లేదా 30.

పామిటిక్ ఆమ్లానికి కూడా ఇదే తిరకాసు: పాతది 129, కొత్తది 106. ఎసిటైల్ కోఎ 8 కాబట్టి 80, ఎన్ఏడీహెచ్ 7 కాబట్టి 17.5, ఎఫ్ఏడీహెచ్2 7 కాబట్టి 10.5. మొత్తం 108. మొదట్లో చురుకు చేయడానికి పోయిన 2 తీసేస్తే 106.

#7 కృష్ణా_కరకట్ట
శాస్త్రం ప్రకారం 32 సరైనదే. కానీ పేపరు దిద్దేవారి దగ్గర ఏ కీ ఉందో విద్యార్థికి తెలీదు. పాత నోట్సు నడిచే చోట 32 రాస్తే మార్కులు పోతాయి. 38 రాసి బయటపడటం మేలు.

#8 ఎన్ఏడీహెచ్
ఒప్పుకోను కరకట్ట గారూ. ఉత్త అంకె రాస్తేనే ఆ ఇబ్బంది. పట్టిక గీసి, మొదటి వరుసలోనే "ఎన్ఏడీహెచ్‌కి 2.5, ఎఫ్ఏడీహెచ్2కి 1.5 చొప్పున" అని రాసి, అడుగు అడుగుకీ లెక్క చూపి, చివర "3, 2 చొప్పున వేస్తే 38" అని ఒక్క వాక్యం కలిపితే ఏ కీ ఉన్నా మార్కులు పడతాయి. అబ్జెక్టివ్ ప్రశ్నైతే ఆప్షన్లు చూడండి: 38 ఉండి 32, 30 లేకపోతే అది పాత లెక్కే అడుగుతోంది.

#9 కృష్ణా_కరకట్ట
పట్టిక కింద రెండో లెక్క కూడా రాస్తే సరే, ఆ పద్ధతికి నా అభ్యంతరం లేదు.

మూడో ప్రశ్నకి నా వంతు. పేర్లు బట్టీ పడితే నిలవవు, పని పట్టుకుంటే పేరే వెంట వస్తుంది. ఎంజైమ్ పేరును తెలుగులో విప్పి చూసుకోండి. కైనేజ్ ఫాస్ఫేటు తగిలించేది, కాబట్టి అక్కడ ఏటీపీ ఉండి తీరాలి. డీహైడ్రోజినేజ్ హైడ్రోజన్ ఊడదీసేది, ఊడినది ఎవరో ఒకరు మోయాలి కాబట్టి ఎన్ఏడీ లేదా ఎఫ్ఏడీ ఉంటుంది. మ్యూటేజ్ గుంపును అదే అణువులో చోటు మార్చేది. ఇంత తెలిస్తే గ్లైకాలసిస్ పది మెట్లలో ఆరు మెట్లు పేరు చూసే రాయొచ్చు.

తర్వాత పెద్ద డ్రాయింగ్ షీట్ తీసుకుని కార్బన్ల సంఖ్య మాత్రమే రాయండి: 6, 6, 6, 6, ఆల్డొలేజ్ దగ్గర 3+3. ఆపైన వెనక్కి తిరగని మూడు మెట్లకి ఎర్ర పెన్ను: హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1, పైరువేట్ కైనేజ్. గ్లూకోనియోజెనెసిస్ కొత్త పాఠం ఏమీ కాదు, ఈ మూడు చోట్ల పక్కదారి పట్టడమే. పైరువేట్ కైనేజ్‌ను దాటడానికి రెండు ఎంజైములు, మిగతా రెంటికీ ఒక్కొక్కటి, మొత్తం నాలుగు. ఆఖరిది గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్. అది కండరంలో లేదు. అందుకే కండరంలో గ్లైకోజెన్ ఎంతున్నా రక్తంలోకి గ్లూకోజ్ రాదు, కాలేయం నుంచే రావాలి. వైవాలో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

#10 తెల్లకోటు
దీనికి ఒకటి కలుపుతాను. ప్రతి దారిలోనూ ఒక విషాన్ని గుర్తుపెట్టుకోండి, మెట్టు దానంతటదే గుర్తుంటుంది. షుగర్ పరీక్షకి రక్తం తీసే బూడిదరంగు మూత ట్యూబు చూసే ఉంటారు. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్. ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టనివ్వదు. ఫ్లోరైడ్ ఎనొలేజ్‌ను ఆపుతుంది, లేకపోతే ఎర్రరక్త కణాలు ట్యూబులోనే గ్లూకోజ్ తినేసి రీడింగ్ తగ్గిపోతుంది. ఎనొలేజ్ తొమ్మిదో మెట్టు, గ్లూకోజ్‌ను ముట్టుకునేది మొదటి మెట్టు. కాబట్టి ఫ్లోరైడ్ పడగానే గ్లూకోజ్ ఖర్చు ఆగిపోదు, మొదటి గంటా రెండు గంటలు కొంత తగ్గుతూనే ఉంటుంది. ఇది అర్థమైతే గ్లైకాలసిస్ వరస ఇక మరిచిపోరు.

మెలొనేట్ సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌కి, సయనైడ్ నాలుగో కాంప్లెక్సుకి, ఒలిగోమైసిన్ ఏటీపీ సింథేజ్‌కి.

#11 పిప్పెట్_పద్మవ్యూహం
అందరూ మెటబాలిజం అంటున్నారు గానీ బైపీసీ నుంచి వచ్చినవాళ్లకి అసలు గండి పీహెచ్ దగ్గర పడుతుంది. లాగరిథమ్స్ సరిగా రాకపోతే బఫర్లు రావు, బఫర్లు రాకపోతే అమైనో ఆమ్లాలు రావు, అవి రాకపోతే ప్రోటీన్లు వేరుచేయడం రాదు. మొదటి రెండు వారాలు దీనికే ఇవ్వండి.

రోజుకొక అమైనో ఆమ్లం తీసుకుని పీహెచ్ 1, 7, 12 దగ్గర ఎంత ఆవేశం ఉందో రాయండి. ఐసోఎలక్ట్రిక్ బిందువు కట్టేటప్పుడు మూడు పీకేలనీ (పీకే అంటే ఒక గుంపు సగం ప్రోటాన్ వదిలే పీహెచ్) కూడి మూడుతో భాగించడం మామూలుగా చేసే తప్పు. నికర ఆవేశం సున్నాగా ఉన్న రూపానికి అటూ ఇటూ ఉన్న రెండే తీసుకోవాలి. లైసిన్‌కి 8.95, 10.53 సగటు 9.74. ఆస్పార్టేట్‌కి 1.88, 3.65 సగటు సుమారు 2.77. పాలలో కేసిన్‌ను పీహెచ్ 4.6 దగ్గర విరగ్గొట్టే ప్రాక్టికల్ కూడా ఇదే సూత్రం.

బఫర్ చేసేటప్పుడు ట్రిస్‌తో జాగ్రత్త. ఒక్కో డిగ్రీ చల్లబడితే పీకే 0.028 పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకి దించితే 8.6కి దగ్గరవుతుంది. చల్లగా వాడే బఫర్‌ను చల్లగానే సరిచేయాలి. ఇంకొకటి, 100 మి.లీ. బఫర్ కావాలంటే 80 మి.లీ.లో కరిగించి, పీహెచ్ సరిచేసి, ఆ తర్వాతే 100కి తేవాలి. ముందే గీత దాకా నింపేస్తే ఆమ్లం పోయడానికి చోటుండదు, పోస్తే మోలారిటీ తగ్గిపోతుంది.

#12 ఉలవగింజ
రసాయనం కన్నా కడుగుడు ముఖ్యమైన ప్రాక్టికల్ ఒకటుంది: ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫరస్. సబ్బుపొడుల్లో ఫాస్ఫేటు ఉండొచ్చు, ట్యూబు గోడకి అంటుకున్న పిసరు చాలు బ్లాంక్ నీలం కావడానికి. ఈ ప్రాక్టికల్ ట్యూబుల్ని సబ్బుతో కాకుండా పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తొలిచి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగండి.

ఆ సుబ్బారావు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతి ఇచ్చారు. కండరం నుంచి తీసిన ద్రావణంలో నీలిరంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. దాన్ని పొరపాటు అని వదిలేయకుండా వెంటపడితే, ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయే ఫాస్ఫేటు సమ్మేళనం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. రికార్డులో ఈ ప్రయోగం రాసేటప్పుడు ఆ పేరు మీద ఒక్క నిమిషం ఆగండి, తెలుగువాళ్లుగా మనకి ఆ హక్కుంది.

#13 కొల్లేటి_కొంగ
కడగడం సంగతి తెలీదండీ, ధన్యవాదాలు. వచ్చే వారం మొలకెత్తిన పెసలలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ను పీఎన్‌పీపీతో (పారా-నైట్రోఫినైల్ ఫాస్ఫేట్) కొలవాలి. ముందే ఏం చూసుకోవాలి?

#14 క్యువెట్
రెండే రెండు. పీఎన్‌పీపీ విడిపోతే వచ్చే నైట్రోఫినాల్ పసుపు రంగు క్షారంలోనే కనిపిస్తుంది. మీ ఎంజైమ్ పనిచేసేది పీహెచ్ 5 దగ్గర, అక్కడ రంగు దాదాపు ఉండదు. "ఎంజైమ్ పనిచేయలేదు" అని పారబోయకండి. చివర్లో పోసే సోడియం హైడ్రాక్సైడ్ చర్యను ఆపుతుంది, రంగునూ తెప్పిస్తుంది. కంట్రోల్ ట్యూబులో మాత్రం హైడ్రాక్సైడ్ ముందు, ఎంజైమ్ తర్వాత.

రెండోది లెక్క. 405 నానోమీటర్ల దగ్గర మోలార్ గుణకం సుమారు 18,000. ఓడీ (రంగు రీడింగ్) 0.36 వస్తే 20 మైక్రోమోలార్. మొత్తం 5 మి.లీ. అయితే 0.1 మైక్రోమోల్. పది నిమిషాల చర్య అయితే నిమిషానికి 0.01 మైక్రోమోల్, అంటే 0.01 యూనిట్.

కేఎమ్ (ఎంజైమ్ వేగం గరిష్ఠంలో సగమయ్యే సబ్‌స్ట్రేట్ గాఢత) కట్టమంటే లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్ (వేగాన్నీ గాఢతనూ తలకిందులు చేసి గీసేది) గీస్తారు. అతి తక్కువ సబ్‌స్ట్రేట్ ఉన్న ట్యూబులో చిన్న పొరపాటు తలకిందులు చేయగానే పెద్దదై గీత మొత్తాన్ని లాగేస్తుంది. అందుకే ఆ చివరి ట్యూబుల్ని రెండుసార్లు కాదు, మూడుసార్లు పెట్టండి.

#15 కృష్ణా_కరకట్ట
పీజీ ఎంట్రన్స్ గురించి ఇక్కడ ఇంకా ఎవరూ అడగలేదు గానీ ఒక్క ముక్క. ఐఐటీ జామ్‌లో బయోకెమిస్ట్రీ పేరుతో పేపర్ ఉండదు, బయోటెక్నాలజీ పేపర్ రాయాలి. అందులో గణితం, భౌతికశాస్త్రం ప్రశ్నలుంటాయి, మూడో సెమిస్టర్ నుంచే తిరగేయండి.

#16 కొల్లేటి_కొంగ
ఇవాళ మళ్లీ చేశాను. 20కి 0.08, 40కి 0.15, 60కి 0.23, 80కి 0.30, 100కి 0.37. దాదాపు సరళరేఖ! 1000 రెట్లు పలచన చేసిన తెల్లసొన 0.5 మి.లీ.కి రెండు ట్యూబుల్లోనూ 0.20. గ్రాఫ్‌లో 53 మైక్రోగ్రాములు. 100 మి.లీ.కి 10.6 గ్రాములు వచ్చింది. రికార్డులో 10.60 అని రాయనా?

#17 తెల్లకోటు
చాలా బాగుంది. 10.60 రాయకండి, ఆ సున్నా మీ కలరీమీటర్ ఇవ్వలేదు. రీడింగ్‌లో 0.01 అటూ ఇటూ అయితే గ్రాఫ్ మీద దాదాపు 2.7 మైక్రోగ్రాములు, జవాబులో అర గ్రాము. "సుమారు 10.6, అటూ ఇటూ 0.5" అని రాయండి. లౌరీ రంగులో టైరోసిన్, ట్రిప్టోఫాన్‌ల పాలు ఎక్కువ. బీఎస్ఏలో అవి ఎన్నున్నాయో తెల్లసొన ప్రోటీన్లలో అన్నే ఉండవు, కాబట్టి ఇది బీఎస్ఏ లెక్కన వచ్చిన విలువ అని కూడా పక్కన పెట్టండి.

ఆ పాత వంగిన గ్రాఫ్ చింపేయకండి. ఎదుటి పేజీలో అతికించి, ఎందుకు వంగిందో మూడు వాక్యాల్లో రాయండి. వైవాలో పేజీ తిప్పగానే ముందు దాని గురించే అడుగుతారు.